కొంగ మెడ

జూన్ 18, బుధవారం

పాత సిస్టమ్ ఇవాళ మళ్ళీ మొరాయించింది. బొమ్మలు గీసే కోరల్ ప్రోగ్రామ్ తెరవమని నొక్కి, టీ తాగి, గ్లాసు కడిగి, షాపు ముందున్న కాగితం ముక్కలన్నీ ఊడ్చి వచ్చాను. ఇంకా తెరుచుకుంటూనే ఉంది. తిట్టే ఓపిక కూడా లేక దాని ముందు ఊరికే కూర్చున్నాను.

మధ్యాహ్నం అపూర్వ ఫోను. రోజూ ఉండే పాటే.

"అమ్మా, ఆ డబ్బా ఏదో ఒకరోజు పూర్తిగా పోద్ది. పోయేదాకా ఆగుతావా? కొత్త మెషీన్ తీసుకుని ఇల్లస్ట్రేటర్ వేసుకో. మా స్టూడియోలో అందరం దాంట్లోనే చేస్తాం. మాకు ఎక్కువైన పని నీకు పంపిస్తా."

బెంజ్ సర్కిల్లో ఏసీ గదిలో కూర్చుని చెప్పడం తేలికే. పాపం, నా మంచికే చెబుతోంది. నా కూతురు నా మంచికి చెప్పే మాటలు వింటే నాకెందుకో ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం తాళం వేస్తూ బోర్డు చూశాను. భాస్కర్ గ్రాఫిక్స్. మా ఆయన గీసేవారు, నేను తెలుగు టైపు చేసేదాన్ని. గవర్నర్‌పేటలో ఈ సందులో ఇన్నేళ్ళు అలాగే నెట్టుకొచ్చాం. ఇప్పుడు రెండూ నేనే.

జూన్ 19, గురువారం

ఫిజియోథెరపీ ఫిలిప్ పొద్దున్నే వచ్చి ఆయన చేత వ్యాయామాలు చేయించాడు. కుడిచెయ్యి ఎత్తి వదిలితే అలాగే పడిపోయింది. ఎడంచెయ్యి మాత్రం బంతిని గట్టిగా పిసికింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"మేడమ్, సార్ ఎడం చెయ్యి ఫస్ట్ క్లాసుగా ఉందండి. ఇంట్లో కూచోబెట్టకండి. ఏ పని చేసేవారో ఆ పని ముందే కూచోబెట్టండి. ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేస్తే కుర్చీకి అలవాటు పడిపోతారు. అప్పుడు మనం లెమ్మన్నా లేవరు."

వరండాలో ప్లాస్టిక్ కుర్చీ నాకూ కనిపిస్తూనే ఉంది. ఆయన అందులో కూర్చుని ఎదురింటి గోడ చూస్తుంటారు.

అన్నం పెడుతుంటే పులుసు ఒలికింది. "కంట్రోల్ జెడ్" అన్నారు. పక్షవాతం వచ్చాక ఆయనకి మిగిలిన మాట అదొక్కటే. కంప్యూటర్లో చేసిన పని వెనక్కి తీసుకోవాలంటే నొక్కే మీట. కాఫీ కావాలన్నా అదే మాట, దోమ కుట్టినా అదే, అపూర్వని చూసి నవ్వినా అదే. ఇలా జరుగుతూ ఉంటుందని డాక్టరు గారన్నారు. కొందరికి దేవుడి పేరు మిగులుతుందట, కొందరికి బూతులు. మా ఆయనకి మీట మిగిలింది.

జూన్ 23, సోమవారం

కంకిపాడు నుంచి రైస్ మిల్లు వెంకటకృష్ణారావు గారు వచ్చారు. తెల్లకొంగ బియ్యం ఆయనదే. సంచి మీద కొంగని మొదట్లో గీసింది మా ఆయనే. ఇప్పుడు అపార్టుమెంట్ల వాళ్ళ కోసం చిన్న సంచి వేస్తారట. దానికి కొంగ కొత్తగా కావాలి. ఎగరకూడదు, నిలబడి ఉండాలి.

"భాస్కర్ గారు ఎట్టా ఉన్నారమ్మా?"

"బాగానే ఉన్నారండీ."

"పని చేస్తున్నారా?"

"చేస్తున్నారండీ. కొంగ ఆయనే గీస్తారు."

ఎందుకన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది.

"అదీ మాట. నాకు తొందరేం లేదు, శ్రావణంలో ఇవ్వండి చాలు. ఆయన కర్వ్స్ చేశాడని నువ్వొక్క ఫోన్ చెయ్యి, నేను కళ్ళు మూసుకుని మిషనెక్కిస్తా. ఆయన చెయ్యకుండా మాత్రం పంపొద్దమ్మా. నీకు తెలుసుగా నా గోల."

తెలుసు. ఒకసారి వెంకటకృష్ణారావు గారు వేరే ఎవరి చేతో సంచి చేయించుకున్నారు. వాళ్ళు అక్షరాలని కర్వ్స్ చేయకుండా పంపారు. సంచులు వేసేవాళ్ళ దగ్గర ఆ ఫాంటు లేదు. తెల్లకొంగ అని ఉండాల్సిన చోట ఏవేవో గుర్తులతో సంచులన్నీ అచ్చయి వచ్చాయి. అప్పటినుంచి మా వృత్తిలో ఆయన నేర్చుకున్న మాట అదొక్కటే. కర్వ్స్ చేస్తే అక్షరం బొమ్మ అయిపోతుంది, ఎక్కడ తెరిచినా చెదరదు. కాకపోతే ఆ తర్వాత తప్పు దిద్దలేం. అందుకే మా షాపులో ఆ పని మా ఆయన ఒక్కరే చేసేవారు. నేను టైపు చేసి లేచేదాన్ని. ఆయన పైనుంచి కిందికి ఒకసారి చూసి, అంతా బాగుందనుకుంటేనే కర్వ్స్ చేసేవారు. బాగాలేకపోతే ఏమీ అనరు, అలా చూస్తూ కూర్చుంటారు. దానికంటే తిట్టడం నయం.

ఇప్పుడు నేనే చేసుకుంటున్నాను. ప్రతిసారీ మెనూలో ఆ మాట వెతుక్కుంటాను. ప్రతిసారీ దొంగతనం చేస్తున్నట్టుంటుంది.

జూన్ 24, మంగళవారం

ఏ ప్రోగ్రామో రేపు తేల్చేస్తాను.

జూన్ 27, శుక్రవారం

కొత్త మెషీన్ వచ్చింది. అపూర్వ సెలవు పెట్టి వచ్చి కొత్త కోరల్ ట్రయల్ వేసింది, ఇంక్‌స్కేప్ అని ఉచితంగా దొరికేది ఇంకోటి వేసింది. ఇల్లస్ట్రేటర్ తన ల్యాప్‌టాప్‌లో చూసుకోమని అదిక్కడ వదిలిపెట్టింది. మూడూ వాడి చూసి నచ్చింది చెప్పమంది. చీరల కొట్లో కూర్చోబెట్టినట్టు ఉంది నాకు.

కొత్త కోరల్ తెరిచాను. అది ఆయన కుర్చీ. గీత మొదలుపెట్టే ముందే ఆయన్ని అడగాలనిపించింది. మూసేశాను. ఎందుకమ్మా అంటే మెనూలన్నీ మారిపోయాయని చెప్పాను. ఆట్టే మారలేదు.

ఇల్లస్ట్రేటర్ బాగుంది. అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. కాకపోతే అపూర్వ నా భుజం మీదినుంచి చూస్తూ "అది కాదమ్మా, ఇది" అంటుంటే నాకు ఒక్కటీ తలకెక్కలేదు.

ఇంక్‌స్కేప్‌లో పాత కొంగ ఫైలు తెరిస్తే బొమ్మ వచ్చింది గానీ అక్షరాలన్నీ తలాతోకా లేని ఇంగ్లీషు గుర్తులయ్యాయి. మేము ఇన్నాళ్ళూ టైపు చేసినవి పాత ఫాంట్లు. కొత్తవాటిలో అన్నీ యూనికోడ్‌లో మళ్ళీ కొట్టుకోవాలి. సరే అని కూర్చున్నాను. కీబోర్డు మీద అక్షరాల చోట్లు వేరు. 'కొంగ' అని కొట్టబోతే ఇంకేదో పడుతుంది. మనసుకి తెలుసు, వేళ్ళకి తెలియదు. అవి పాత చోటికే పోతున్నాయి. నా వేళ్ళ మీద నాకే జాలేసింది.

రేపు తేల్చేస్తాను.

జూలై 2, బుధవారం

వాన. కాలవలకి నీళ్ళొదిలారని కంకిపాడు వైపు నుంచి వచ్చిన బిల్లు పుస్తకాల ఆయన చెప్పాడు. సందులో ఆటోలు కూడా లేవు. పని లేదు.

ఇంక్‌స్కేప్‌లో కొంగని గీశాను.

ఊరికే చూద్దామని మొదలుపెట్టాను. నేనెప్పుడూ గీయలేదు, టైపిస్టుని. అయితే ఆయన పక్కన కూర్చుని ఇన్నేళ్ళు చూశాను కదా. గీత వంగే చోట ఒక చుక్క పెడతాం, నోడ్ అంటారు దాన్ని. ఎన్ని తక్కువ నోడ్లతో గీస్తే గీత అంత హాయిగా సాగుతుందని ఆయన ఎవరొచ్చినా చెప్పేవారు. వద్దన్నా చెప్పేవారు. అది గుర్తుపెట్టుకుని గీశాను.

ఆయన పాత కొంగకి మెడ నిటారుగా, ఇంగ్లీషు ఎస్ అక్షరంలా ఉంటుంది. నాదలా రాలేదు. మెడ ముడుచుకుని, భుజాల్లోకి దిగి, వానలో మడిగట్టు మీద నిలబడ్డట్టు వచ్చింది. దిద్దబోయి మానేశాను. కొంగలు అలా కూడా నిలబడతాయి, నేను చూశాను.

అపూర్వకి ఫోన్లో పంపాను, ఎవరు గీశారో చెప్పకుండా. "నీలాగే ఉందమ్మా నీ కొంగ" అని పంపింది.

చాలా బాగుంది నాకు. ఇది ఎవరికీ చెప్పను. ఆయన వరండాలో గోడ చూస్తూ కూర్చుంటే నేనిక్కడ గీతలు గీసుకుని సంతోషపడుతున్నానని ఎవరితో చెప్పను?

జూలై 9, బుధవారం

ఫిలిప్ పోరు పడలేక ఆయన్ని షాపుకి తీసుకొచ్చాను. ఆటోలోంచి దింపి, లోపలికి నడిపించి, కొత్త మెషీన్ ముందు కూర్చోబెట్టేసరికి నాకు చెమటలు పట్టాయి. ఆయన కీబోర్డుని ఎడంచేత్తో తడిమారు. మొహం వెలిగింది. నిజంగానే వెలిగింది, నేను ఊహించుకున్నది కాదు.

ఇంక్‌స్కేప్‌లో సంచి ఫైలు తెరిచి, అంతా సేవ్ చేసి, ఆయన ముందుంచాను. నా కొంగ. కింద 'తెల్లకొంగ' అని నేను యూనికోడ్‌లో తంటాలు పడి కొట్టిన అక్షరాలు. నేను గీశానని చెప్పలేదు.

చాలాసేపు చూశారు. పైనుంచి కిందికి. ఎడంచెయ్యి కీబోర్డు మీద ఆడించి, నా వైపు తిరిగి తల ఊపారు. అప్పటికే తెర మీద ప్రోగ్రామ్ కిటికీ మూసుకుపోయింది. కొంగ లేదు, ఏమీ లేదు, వెనక ఉన్న ఖాళీ తెర.

నా మొహం ఎలా మారిందో, ఆయన తెర వైపు తిరిగి చూశారు. "కంట్రోల్ జెడ్" అన్నారు. మళ్ళీ అన్నారు. నొక్కారు కూడా. ఖాళీ తెర మీద ఏం వస్తుంది?

పొరపాటున ఏదో తగిలి ఉంటుంది.

జూలై 10, గురువారం

ఇంక్‌స్కేప్ నచ్చలేదేమో అని ఆ ఫైలునే అపూర్వ ల్యాప్‌టాప్‌లో, ఇల్లస్ట్రేటర్లో పెట్టి చూపించాను. చూశారు. ఎడంచెయ్యి కదిలింది. మూసుకుపోయింది. మళ్ళీ అదే తల ఊపడం, మళ్ళీ అదే కంగారు.

ఎడంచెయ్యి ఫస్ట్ క్లాసుగా ఉందట. ఫిలిప్‌కేం, అంటాడు.

జూలై 11, శుక్రవారం

ఆయనకి బాగానే ఉంది. అలిసిపోయారంతే.

జూలై 17, గురువారం

ఇంకోసారి కూర్చోబెట్టాను. ఈసారి పక్కనే అపూర్వ కూడా ఉంది. నా కొంగని అంతసేపూ చూసి, మళ్ళీ మూసేశారు.

"నాన్నా, ఏం నొక్కుతున్నారు మీరు?" అంది అపూర్వ. కొంచెం గట్టిగానే అంది. పొద్దున్నించీ ఏం తినలేదు పిల్ల.

ఆయన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఎడంచెయ్యిని కుడిచేతి పక్కన పెట్టుకుని, రెండూ ఒకటే అన్నట్టు వాటివైపే చూశారు. ఈసారి కంట్రోల్ జెడ్ కూడా అనలేదు.

ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు ఆటోలో అపూర్వ ఏడ్చింది. "నాన్నకి అర్థం కావట్లేదమ్మా. అనవసరంగా కష్టపెడుతున్నాం" అంది. అర్థమైందనే నాకనిపించింది. మా ఆయనకి బొమ్మ నచ్చకపోతే చూస్తూ కూర్చునేవారు. ఇప్పుడు చూడలేక మూసేస్తున్నారు. నా కొంగ అంత బాగాలేదన్నమాట.

జూలై 21, సోమవారం

పొద్దున షాపుకి వెళ్దాం రండి అని చొక్కా తీస్తే గోడ వైపు తిరిగిపోయారు.

జూలై 22, మంగళవారం

ఇవాళా రాలేదు.

జూలై 26, శనివారం

ఫిలిప్ బంతి ఇస్తే ఎడంచేత్తో కూడా పిసకలేదు. పక్కన పడేశారు. "మేడమ్, నేను భయపడింది ఇదేనండి" అన్నాడు ఫిలిప్. షాపులో ఏం జరిగిందని అడిగాడు. అలిసిపోతున్నారండీ అని చెప్పాను.

శ్రావణం వచ్చింది, పెళ్ళికార్డులు వస్తున్నాయి. పని బాగానే ఉంది. రోజంతా నేనే గీస్తున్నాను, నేనే కొడుతున్నాను, నేనే కర్వ్స్ చేస్తున్నాను. ఎవరూ నా వెనక కూర్చుని పైనుంచి కిందికి చూడరు.

నిజం రాసుకోవడానికే కదా ఈ పుస్తకం. ఆయన రానని గోడ వైపు తిరిగినరోజు నాకు ప్రాణం తెరిపిన పడింది. మెషీన్ నాది, కుర్చీ నాది. అలా అనిపించింది, సాయంత్రందాకా అలాగే ఉంది. ఇంటికెళ్ళి ఆయన మొహం చూశాక సిగ్గేసింది. ఆ రెండూ నిజమే. ఇప్పుడు రెండింటినీ మోసే ఓపిక లేదు నాకు.

వెంకటకృష్ణారావు గారు ఫోన్ చేశారు. "కర్వ్స్ అయినయ్యా?" అన్నారు. "ఆయన చూస్తున్నారండీ" అన్నాను.

జూలై 30, బుధవారం

తేల్చేశాను. అపూర్వ చెప్పినట్టే ఇల్లస్ట్రేటర్. పాత సిస్టమ్‌ని ఎవరో తుక్కుకి తీసుకుంటారట, వచ్చేవారం ఇచ్చేయడం. కొంగ మెడ కూడా మార్చేస్తాను. ఆయన పాత కొంగ మెడ తెచ్చి అతికిస్తే సరిపోతుంది. వెంకటకృష్ణారావు గారికి అలవాటైన మెడే ఇద్దాం. ఎవరికీ బాధ లేదు.

ఇంత హాయిగా తేలిపోయాక నిద్ర పట్టాలి కదా.

ఆగస్టు 4, సోమవారం

మెల్లగా రాస్తాను.

పొద్దున కనకలక్ష్మి గారని పాత ఖాతాదారు వచ్చింది. పెద్దమ్మాయి పెళ్ళికి మీరు వేసిన కార్డే చిన్నమ్మాయికీ కావాలి, పేర్లు మార్చి ఇవ్వండి చాలు అంది. ఆ ఫైలు పాత సిస్టమ్‌లోనే ఉంది. తుక్కుకి పోయేముందు దానికి చివరి పని అనుకుంటూ కోరల్ తెరిచాను. తెరుచుకునేదాకా ఆవిడతో చిన్నల్లుడి ఉద్యోగం గురించి అంతా మాట్లాడాను.

పేర్లు మార్చాను. ఆవిడ చేత చదివించాను. ఇంక కర్వ్స్ చేద్దామని మెనూ తెరిచాను. రోజూ వెతుక్కునే మాట దొరికింది. దాని పక్కనే, కుడివైపు చివర, సన్నటి అక్షరాల్లో దాని మీట రాసి ఉంది. కంట్రోల్ క్యూ.

ఇన్నాళ్ళూ ఆ మాటే చూశాను, దాని పక్కనున్నది ఒక్కసారీ చదవలేదు. అది ఆయన చేతిలో ఉండేది, నాకవసరం లేకపోయింది.

కంట్రోల్ క్యూ. కొత్త మెషీన్ దగ్గరికెళ్ళి ఇంక్‌స్కేప్ తెరిచి అదే నొక్కాను. కిటికీ మూసుకుపోయింది. ల్యాప్‌టాప్‌లో ఇల్లస్ట్రేటర్ తెరిచి నొక్కాను. మూసుకుపోయింది. ఆ రెండింటిలో ఆ మీటకి అర్థం ఇక చాలు, బయటికి పో అని. కోరల్లో దానికి అర్థం కర్వ్స్ చెయ్యి అని.

ఆయన మూసేయలేదు.

ఆయన నా కొంగని పైనుంచి కిందికి చూసి, బాగుందనుకుని, కర్వ్స్ చేశారు. మూడుసార్లు చూపిస్తే మూడుసార్లూ చేశారు. చేసి, ఎప్పటిలాగే తెర వైపు చూడకుండా నా వైపు తిరిగి తల ఊపారు. పంపించెయ్ అని. ఆ తల ఊపడం నేను వేలసార్లు చూశాను. ఈసారి గుర్తుపట్టలేదు. కొత్త కీబోర్డు ముందు నా వేళ్ళు పాత చోటికి పోతుంటే వాటి మీద జాలిపడ్డాను. ఆయన వేళ్ళు పాత చోటికి పోతే బుద్ధి పోయిందనుకున్నాను.

ఆయనేమనుకున్నారో. సరైన మీటే నొక్కాననుకున్నారు. నొక్కగానే అంతా మాయమైంది. మిగిలిన ఆ ఒక్క చెయ్యి కూడా పోయిందనుకున్నారు.

కనకలక్ష్మి గారి ముందే ఏడ్చేశాను. పాపం ఆవిడ పెళ్ళికార్డులో ఏదో అపశకునం ఉందనుకుని బెదిరిపోయింది. నీళ్ళు తాగించింది నాకు.

ఆగస్టు 5, మంగళవారం

ఇల్లస్ట్రేటర్ కాదు, ఇంక్‌స్కేపే ఖాయం చేశాను. అందులో మీటలు మనకి కావాల్సినట్టు మార్చుకోవచ్చట. అపూర్వ ఫోన్లో చెబుతుంటే వెతికాను. అందులో కోరల్ అలవాటున్నవాళ్ళ కోసమని ఒక జాబితా ముందే తయారుగా పెట్టి ఉంది. అంటే ఈ తిప్పలు మా ఒక్క ఇంటివే కావన్నమాట. ఇంకా ఎందరి వేళ్ళో పాత చోట్లకి పోతుంటాయి. ఆ జాబితా పెట్టినవాళ్ళెవరో గానీ చల్లగా ఉండాలి. క్యూ దగ్గర కర్వ్స్ ఉందో లేదో నేను విడిగా నొక్కి చూసుకున్నాను. మీట ఉంది. కిటికీ కూడా ఉంది.

"ఇల్లస్ట్రేటర్లో కూడా మార్చుకోవచ్చమ్మా. ఫ్రీగా వస్తుందనేగా ఇంక్‌స్కేప్ తీసుకుంటున్నావ్" అంది అపూర్వ.

"అవునే" అన్నాను. నా కొంగ పుట్టింది అందులో అని చెప్పలేదు.

సాయంత్రం వరండాలో ఆయన కుర్చీ ముందు పీట వేసుకుని కూర్చున్నాను.

"ఏవండీ, మీ చెయ్యి తప్పు చెయ్యలేదండీ. మీట మారింది. మీరు కర్వ్స్ చేశారు, అది మూసుకుపోయింది. నాకు తెలీలేదు. నేనే అపార్థం చేసుకున్నాను."

గోడవైపే చూస్తున్నారు. ఎంతవరకు అర్థమైందో. ఆయన ఎడంచెయ్యి తీసుకుని కుర్చీ చేతి మీద పెట్టి, కీబోర్డు మీద ఉండే తీరులోనే వేళ్ళు సర్ది, "కంట్రోల్, క్యూ" అన్నాను. వేళ్ళు రెండూ వాటంతటవే నొక్కాయి.

నా వైపు తిరిగారు. "కంట్రోల్ జెడ్" అన్నారు. అడుగుతున్నట్టు.

"రేపు వెళ్దామా?" అన్నాను. గోడ వైపు తిరగలేదు.

ఆగస్టు 6, బుధవారం

వచ్చారు. చొక్కా గుండీలు ఎడంచేత్తో తనే పెట్టుకుంటానని మారాం. ఒకటి తప్పింది, నేనూ దిద్దలేదు.

ఆయన్ని నడిమి కుర్చీలో కూర్చోబెట్టి నేను కుడివైపు చేరాను. కీబోర్డు ఆయనది, మౌస్ నాది. ముందే ఎందుకు తోచలేదో.

సంచి ఫైలు తెరిచాను. తెరిచాక భయం పట్టుకుంది. ఇంతా చేసి ఆయన చెయ్యి ఊరికే పాత అలవాటు కొద్దీ నొక్కిందేమో, బొమ్మ బాగుందని కాదేమో. ఇది ఆయన కొంగ కాదు కదా. ఆయన చూస్తుండగానే పాత ఫైల్లోంచి ఆయన కొంగ మెడ తెచ్చాను. నా మెడ తీసేసి దాన్ని అతికించాను. నిటారుగా, అందంగా, అందరికీ తెలిసిన మెడ.

"ఇదిగోండి, మీదే" అన్నాను.

ఆయన చూస్తూ కూర్చున్నారు. ఏమీ అనకుండా, ఏమీ నొక్కకుండా. ఆ చూపు నాకు తెలుసు. ఇన్నేళ్ళు భయపడ్డ చూపు.

"కంట్రోల్ జెడ్" అన్నారు.

నేను కదల్లేదు. ఆయన దేనికైనా అదే అంటారు కదా. మళ్ళీ అన్నారు, ఈసారి కొంచెం విసుగ్గా, షాపులో ఎప్పుడూ ఉండే విసుగుతో. అని, ఎడంచేత్తో తనే నొక్కారు. అతికించిన మెడ పోయింది. ఇంకోసారి నొక్కారు. నేను తీసేసిన మెడ వెనక్కి వచ్చింది. ముడుచుకున్న మెడ, వానలో నిలబడ్డ కొంగ. నాది.

అక్కడ ఆగారు. పైనుంచి కిందికి చూశారు. 'తెల్లకొంగ' అన్న అక్షరాల దగ్గర ఒక్క క్షణం ఆగి, ముందుకి కదిలారు. కంట్రోల్ ఏ నొక్కారు, అన్నీ సెలెక్ట్ అయ్యాయి. కంట్రోల్ క్యూ నొక్కి, తెర వైపు చూడకుండా నా వైపు తిరిగి తల ఊపారు.

కిటికీ మూసుకోలేదు. అక్షరాల చుట్టూ చిన్న చిన్న నోడ్లు పుట్టుకొచ్చాయి. ఆయన భుజం పట్టుకుని తెర వైపు తిప్పాను. చూసుకున్నారు. తన ఎడంచెయ్యి ఎత్తి ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

ఆగస్టు 7, గురువారం

రేపు వరలక్ష్మీ వ్రతం, పూలు కొనాలి. నడుము పట్టేసింది. పాత సిస్టమ్ కోసం తుక్కు మనిషి వచ్చాడు, ఇంకోసారి రమ్మన్నాను.

కంకిపాడు ఫోన్ చేశాను.

"ఫైలు పంపానండీ. చూసుకోండి."

"చూశానమ్మా. మెడ కొత్తగా ఉందే?" అన్నారు వెంకటకృష్ణారావు గారు. "ఎవరు గీశారు?"

"నేనేనండీ. ఆయన గీస్తున్నారని మీతో అబద్ధం చెప్పాను."

"మరి కర్వ్స్?"

పక్క కుర్చీలో మా ఆయన కనకలక్ష్మి గారి కార్డు ప్రింటు తీసి చూస్తున్నారు, పైనుంచి కిందికి.

"ఆయనే చేశారండీ" అన్నాను.